సింకు కింద తలుపు తీసి చూడండి: వంటింటి క్యాబినెట్లపై అపోహలు – వాస్తవాలు

ఎవరైనా తమ పాత వంటిల్లు చూడమని పిలిస్తే నేను ముందు తీసేది సింకు కింద తలుపు. లోపలికి వంగి అడుగు పలక మీద చెయ్యి వేసి, వెనక మూల దాకా తడుముతాను. పైన తలుపులన్నీ ఇంకా అద్దంలా మెరుస్తూనే ఉంటాయి. ఆ పలక అంచు మాత్రం ఉబ్బిపోయి, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది.

20 ఏళ్లుగా క్యాబినెట్లు చేస్తున్నాను, బిగిస్తున్నాను, పాడైనవి ఊడదీస్తున్నాను. ఎక్కువ నేర్పింది ఊడదీసే పనే. పాడైన చోటల్లా దాదాపు ఎప్పుడూ నీళ్లు తాగిన అంచో, పట్టు వదిలిన స్క్రూనో కనిపిస్తుంది. తలుపు రంగు వల్ల, డిజైన్ వల్ల పాడైన వంటిల్లు నేనింతవరకు చూడలేదు. అయినా డబ్బంతా తలుపుల మీదే పోతుంది. తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం నిలవాలంటే డబ్బు కంటికి కనిపించని చోట పెట్టాలి. నన్ను తరచుగా అడిగే మాటల్ని పట్టుకుని అది ఎలాగో చెబుతాను.

అపోహ: ప్లైవుడ్ అంటే మంచిది, పార్టికల్ బోర్డు అంటే చెత్త.

పేరు చూసి తేల్చలేం. పలుచటి చెక్క పొరలను, ఒకదాని నారకు ఇంకోదాని నార అడ్డంగా వచ్చేలా పేర్చి అతికిస్తే ప్లైవుడ్. చెక్క ముక్కల పొట్టును జిగురుతో కలిపి ఒత్తితే పార్టికల్ బోర్డు. ఇంకా సన్నగా, పీచు చేసి ఒత్తితే ఎండీఎఫ్. మూడింట్లోనూ మంచివి ఉన్నాయి, నాసిరకం ఉన్నాయి. లోపలి పొరల మధ్య ఖాళీలు ఉన్న ప్లైవుడ్‌లో స్క్రూ సరిగ్గా ఆ ఖాళీలోకి దిగితే పట్టు ఉండదు. బాగా ఒత్తి, నాలుగు అంచులూ మూసిన పార్టికల్ బోర్డు పొడి చోట ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.

నీళ్ల దగ్గర మాత్రం తేడా నిజమే. ప్లైవుడ్ ఒకసారి తడిసినా ఆరాక చాలావరకు మామూలుగా అవుతుంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ ఉబ్బాయంటే ఆరినా తగ్గవు. ప్రెస్సులో అణిచిపెట్టిన పొట్టు నీళ్లు తగిలితే విచ్చుకుంటుంది, దాన్ని మళ్లీ అణిచే మార్గం లేదు.

అందుకని వంటిల్లంతా ఒకే సరుకు వాడాలని పట్టుబట్టకండి. సింకు కింద బాక్సు, దాని పక్క బాక్సు మంచి ప్లైవుడ్‌తో చేయించండి. పైన గోడకు వేలాడేవి, పొడి సామాను పెట్టుకునేవి లామినేట్ వేసిన పార్టికల్ బోర్డుతో సరిపోతాయి. బడ్జెట్ తక్కువగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పే సలహా ఇదే.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని ముద్ర ఉంటే నీళ్లకు భయం లేదు.

ఆ ముద్ర జిగురు గురించి, చెక్క గురించి కాదు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వేడికి, తడికి పట్టు వదిలేస్తుంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు తట్టుకుంటుంది. మీ సరుకు ఏదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కొనబోయే షీటులోంచి అరచేతి అంత ముక్క అడగండి. వంటకు వాడని పాత గిన్నెలో వేసి, ముక్క పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి కొన్ని గంటలు మరగనివ్వండి. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఘాటు వాసన వస్తుంది. జిగురు నాసిరకం అయితే మూలల్లో పొరలు పుస్తకం పేజీల్లా విడిపోతాయి. గట్టిదైతే ముక్క నల్లబడుతుంది, బరువెక్కుతుంది, పొరలు మాత్రం కలిసే ఉంటాయి. అంచులో జిగురు గీత ముదురు రంగులో ఉంది కాబట్టి మంచిదేనని చెబితే నమ్మకండి, రంగు కలపడం కష్టమేమీ కాదు.

ఈ పరీక్షలో నెగ్గిన ప్లైవుడ్ కూడా నీళ్లు తాగుతుంది. రోజూ తడిగా ఉంటే బూజు పట్టి కుళ్లుతుంది. దాన్ని కాపాడేది అంచు మూయడమే.

అంచు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కనిపించే ముందు అంచుకు అందరూ పట్టీ అతికిస్తారు. వెనక అంచు, అడుగు అంచు, పైపుల కోసం కోసిన రంధ్రాలు, సింకు దిగడానికి కోసిన చట్రం మాత్రం పచ్చిగా వదిలేస్తారు. ఒక ఇంట్లో బోర్డు పైపు చుట్టూ ఉంగరంలా ఉబ్బి ఉంది. లీకు ఎక్కడా లేదు. చల్లటి పైపుకు పట్టిన చెమట బొట్టుబొట్టుగా జారి, రోజూ ఆ కోసిన రంధ్రంలోకే దిగింది. పైపు బిగించే ముందు ఆ రంధ్రం లోపలి అంచుకు రెండు పూతలు వార్నిష్ వేసి, పైపు చుట్టూ సిలికాన్ పట్టించి ఉంటే ఆ పలక ఇప్పటికీ ఉండేది. పావుగంట పని.

బిగించే రోజు మీరు దగ్గరుండండి. కోసిన ప్రతి చోటా బొటనవేలు పెట్టి చూడండి. గరుకుగా, పచ్చి చెక్కలా తగిలితే అక్కడ పని మిగిలి ఉన్నట్టు. పట్టీ అతికించిన చోట గోరు దూరే సందు ఉండకూడదు. ముందు అంచులకు, తలుపులకు 2 మి.మీ. పట్టీ దెబ్బల్ని తట్టుకుంటుంది, లోపలి అరలకు 0.8 మి.మీ. చాలు.

అపోహ: పీవీసీ బోర్డు వేస్తే ఇక టెన్షన్ లేదు.

నీళ్లకు, చెదపురుగులకు నిజంగానే ఏమీ కాదు. వేడికి మాత్రం మెత్తబడుతుంది. స్టవ్ పక్కన, ఓవెన్ చుట్టూ వద్దు. పొడవాటి అరకు వేస్తే బరువుకు ఒంగుతుంది. సింకు కింద అయితే చక్కగా పనికొస్తుంది.

అపోహ: అసలు చెక్కకు తిరుగు లేదు.

అసలు చెక్క గాలిలో తేమ పెరిగితే వెడల్పులో సాగుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు కదలదు. అందుకే తెలిసిన వడ్రంగి తలుపు మధ్య పలకను చట్రం గాడిలో వదులుగా కూర్చోబెడతాడు, జిగురు పెట్టడు. జిగురు పెట్టి బిగించేస్తే ఏదో ఒక కాలంలో పలక చీలుతుంది. తలుపులకు అసలు చెక్క అందమే. బాక్సులకు ఆ ఖర్చు అక్కర్లేదు.

అపోహ: బోర్డు మందంగా ఉంటే అర ఒంగదు.

మందం పనిచేస్తుంది, కానీ అర పొడవు తగ్గించడం అంతకంటే బాగా పనిచేస్తుంది. 60 సెం.మీ. అరను 120 సెం.మీ. చేసి, అదే వరుసలో సామాను నింపితే ఒంపు రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. 18 మి.మీ. బోర్డు తీసేసి 25 మి.మీ. వేస్తే గట్టిదనం పెరిగేది రెండున్నర రెట్ల పైచిలుకు మాత్రమే. కాబట్టి మందమైన బోర్డు కొనేకంటే మధ్యలో ఒక నిలువు పలక పెట్టించండి. అది కుదరకపోతే అర ముందు అంచు కింద 4, 5 సెం.మీ. వెడల్పు పట్టీ నిలువుగా బిగించినా చాలా తేడా ఉంటుంది. పట్టీ అయితే మిగిలిపోయిన ముక్కల్లోంచే వస్తుంది.

అపోహ: సాఫ్ట్ క్లోజ్ ఉంటే అది మంచి హింజే.

హింజ్ అంటే తలుపు కీలు. సాఫ్ట్ క్లోజ్ అంటే తలుపు దబ్బున పడకుండా ఆపే చిన్న అమరిక. హింజ్ ఎన్నాళ్లు ఉంటుందో అది చెప్పదు. తలుపులు వేలాడిపోవడానికి నేను చూసిన ముఖ్య కారణాలు రెండు. ఒకటి, హింజ్‌లు తక్కువ పడటం. సుమారు 90 సెం.మీ. ఎత్తు తలుపుకు 2, 160 సెం.మీ. వరకు 3, 200 సెం.మీ. వరకు 4 ఉండాలి. తలుపు బరువైతే ఇంకొకటి కలపాలి. రెండోది, పార్టికల్ బోర్డులో స్క్రూను విప్పి బిగించి, విప్పి బిగించి రంధ్రాన్ని వదులు చేయడం. స్క్రూ దిగే ముందు సన్నటి డ్రిల్‌తో దారి చేయాలి. చివరి రెండు చుట్లు మెషీన్‌తో కాక చేత్తో తిప్పాలి. ఊడిన చోట ఇంకా లావు స్క్రూ కొట్టకండి. రంధ్రాన్ని శుభ్రంగా తొలిచి, జిగురు పూసిన చెక్క మేకు దిగ్గొట్టి, ఆరాక కొత్తగా దారి తీసి బిగిస్తే పట్టు తిరిగొస్తుంది.

సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే చానెళ్ల మీద రాసే బరువు మామూలుగా జతకు, ఒక్కోదానికి కాదు. బరువైన గిన్నెల సొరుగుకు కొనేటప్పుడు అది గుర్తుంచుకోండి.

అపోహ: అయస్కాంతం అంటుకుంటే ఆ స్టీలు తుప్పు పడుతుంది.

304 గ్రేడు స్టీలుకు అయస్కాంతం దాదాపు అంటదు, తుప్పును బాగా తట్టుకుంటుంది. 202 గ్రేడుకు కూడా అంటదు, కానీ తుప్పు విషయంలో 304 కంటే వెనకబడుతుంది. 430 గ్రేడుకు గట్టిగా అంటుతుంది, అయినా అది స్టెయిన్‌లెస్ స్టీలే. అయస్కాంతం తేల్చేది తక్కువ. గ్రేడు బిల్లు మీద రాయించుకోండి.

అపోహ: సరుకు మంచిదైతే బిగింపుదేముంది, నాలుగు స్క్రూలు.

మంచి సరుకు చెడ్డ బిగింపుతో పాడైపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఒక తప్పు చేశాను. నేల చదునుగానే ఉందనుకుని ఒక మూల నుంచి బాక్సులు పెట్టుకుంటూ వెళ్లాను. అవతలి చివరకు వచ్చేసరికి నేల 2 సెం.మీ. ఎత్తుగా ఉంది. బాక్సుల కింద తిప్పి ఎత్తు మార్చుకునే కాళ్లుంటాయి, వాటిని పూర్తిగా లోపలికి తిప్పినా ఆఖరి బాక్సు మిగతావాటి కంటే పైకే ఉంది. మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ముందు నేలలో ఎక్కువ ఎత్తున్న చోటు ఎక్కడో లెవెల్‌తో వెతికి, అక్కడి నుంచే గోడ మీద గీత గీస్తాను. మిగతా బాక్సుల కాళ్లు పైకి తిప్పుకుంటూ ఆ గీతకు తెస్తాను. ఎల్ ఆకారం వంటింట్లో మూల బాక్సు మొదట కూర్చోవాలి. బాక్సులను క్లాంపుతో ఒకదానికొకటి అదిమి పట్టి కలిపాకే గోడకు బిగించాలి. గోడ వంకర బాక్సుల్లోకి రాకూడదు. సందు ఉన్న చోట సన్నటి చెక్క పెట్టాలి. పక్క గోడకు ఆనుకునే చోట 3 నుంచి 5 సెం.మీ. వెడల్పు పట్టీ మధ్యలో పెట్టకపోతే చివరి తలుపు పూర్తిగా తెరుచుకోదు, హ్యాండిల్ గోడకు తగులుతుంది.

పైన వేలాడే బాక్సుల విషయంలో రాజీ పడొద్దు. వెనక 3 మి.మీ. పలకలోంచి స్క్రూ కొట్టి వదిలేస్తే, బరువు పడ్డాక స్క్రూ తల ఆ పలకను చీల్చుకుని బయటికొస్తుంది. వెనక పైభాగంలో 18 మి.మీ. గట్టి పట్టీ ఉండాలి, లేదా గోడకు ఇనుప రైలు బిగించి దానికి తగిలించాలి. స్క్రూ పొడవు ఇలా లెక్కేయండి: పట్టీ 18 మి.మీ., ప్లాస్టరింగ్ సుమారు 20, ఇటుకలోకి కనీసం 50. అంటే 90 మి.మీ. దాకా కావాలి. స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో పెట్టే ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతే దేన్నీ మోయదు. బోలు ఇటుక, జిప్సం బోర్డు గోడలకు ఈ లెక్క చెల్లదు, వాటికి వేరే యాంకర్లు వాడాలి, లేదా లోపలి ఫ్రేమ్ వెతికి దానికే బిగించాలి. కుళాయికి, స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, పక్కలా డ్రిల్ పెట్టకండి, పైపులు, వైర్లు ఎక్కువగా ఆ దారిలోనే ఉంటాయి.

అపోహ: కొత్త చెక్క వాసన మంచిదే.

ఆ ఘాటులో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు. దాన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. పార్టికల్ బోర్డులోంచే కాదు, ప్లైవుడ్‌లోంచి కూడా వస్తుంది. ఇ1 లేదా అంతకంటే తక్కువ విడుదల గ్రేడు అడగండి. పచ్చి అంచులు మూస్తే ఇదీ తగ్గుతుంది. బిగించాక కొన్నాళ్లు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి.

అపోహ: పాతబడితే అన్నీ పీకి కొత్తవి పెట్టాల్సిందే.

చాలా ఇళ్లలో బాక్సులు బాగానే ఉంటాయి, తలుపులే వెలిసిపోతాయి. అడుగు పలక ఉబ్బలేదా, బాక్సును పక్కకు నెడితే ఊగడం లేదా, హింజ్ స్క్రూలు బిగిస్తే పట్టుకుంటున్నాయా, ఇవి చూడండి. మూడూ సరిగ్గా ఉంటే తలుపులు, హింజ్‌లు మార్చి, బయటి పక్కలకు కొత్త లామినేట్ అతికిస్తే చాలు. సింకు కింద బాక్సు ఒక్కటే పోయి ఉంటే ఆ ఒక్కటే మార్చించుకోండి. కొత్త తలుపులు చేయించేటప్పుడు పాత తలుపు ఒకటి ఊడదీసి నమూనాగా ఇవ్వండి. హింజ్ గిన్నె కూర్చునే 35 మి.మీ. రంధ్రం అంచు నుంచి ఎంత దూరంలో ఉందో అదే కొలత కొత్తదానికీ పెడితే, బాక్సు లోపల పాత రంధ్రాలే మళ్లీ పనికొస్తాయి.