ఇటుక గోడ తెల్లగా పూసిందా? యాసిడ్ డబ్బా ముట్టుకోకండి

వానలు తగ్గి నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, నా ఫోన్ మోగడం మొదలవుతుంది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, ఇటు పాతపట్నం, ఎక్కణ్ణుంచి చేసినా మాట ఒకటే. "ఎర్ర ఇటుక గోడంతా తెల్లగా పూసేసింది బాబూ. యాసిడ్ పోశాం, ఇంకా ఎక్కువైంది." పోసేశాక నాకు చేయడం దేనికండీ!

అపోహ: యాసిడ్ పోస్తే తెల్లమరక పోతుంది.

వాస్తవం: ఆ తెలుపు ఉప్పు. ఇటుక మట్టిలోనో, ఇసుకలోనో, సిమెంటులోనో ఉన్న లవణాలు నీళ్లలో కరిగి బయటికొస్తాయి. నీరు ఆవిరైపోతే ఉప్పు గోడ మీద మిగులుతుంది. యాసిడ్ పడగానే బుస్సుమని నురగ వస్తే మురికి పోతోందని సంబరపడతారు. అది ఇటుకల సందుల్లోని సున్నం కరిగిపోతుంటే వచ్చే కార్బన్ డయాక్సైడ్. కరిగాక లోపల మిగిలేది కాల్షియం క్లోరైడ్, గాలిలో తడిని లాక్కునే ఉప్పు. అంటే పాత ఉప్పు కడగబోయి గోడకి కొత్త ఉప్పు పట్టించారన్నమాట. ఇటుకలో ఇనుము ఉంటే పసుప్పచ్చ చారలు అదనం.

ఈ తప్పు నేనూ చేశాను. పని నేర్చుకునే రోజుల్లో పర్లాకిమిడిలో ఒక పెద్దాయన ఇంటి అరుగు, సున్నంతో కట్టిన పాతకాలం కట్టడం. మేస్త్రి లేని పూట చూసి బాత్రూం యాసిడ్ నీళ్లయినా కలపకుండా గుమ్మరించాను. సాయంత్రానికి అరుగు కొత్తదానిలా ఉంది. పెద్దాయన మెచ్చుకుని టీ ఇప్పించాడు. నెల తిరగకుండా కబురొచ్చింది. వెళ్లి సందులో వేలు పెడితే సున్నం తడి పిండిలా రాలి, వేలు కణుపు దాకా దిగింది. ఆయన తిట్టలేదు. "మా తాత కట్టించిందిరా ఇది" అన్నాడంతే. కూలి అడక్కుండా సందులన్నీ మళ్లీ సున్నంతో పూడ్చి వచ్చాను.

మరి ఏం చేయాలి? గోడ బాగా ఆరిన రోజు చూసి కొబ్బరి పీచుతోనో నైలాన్ బ్రష్షుతోనో పొడిగా దులపండి. ఇనుప బ్రష్షు వద్దు, తెగిన తీగలు ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. కింద పాత పేపరు పరచండి. రాలిన ఉప్పు గోడ మొదట్లోనే పడితే వానకి కరిగి మళ్లీ గోడెక్కుతుంది. ఆ తర్వాత నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకండి. కారే పైపు, గోడకి ఆనించి పోసిన మట్టి, వరసగా పెట్టిన పూలకుండీలు, పైన పూత లేని ప్రహరీ... ఎక్కువగా వీటిలోనే ఏదో ఒకటి ఉంటుంది. నీరు రావడం ఆగితే కొత్త గోడల్లో ఈ తెల్లపూత ఏటికేడు తగ్గిపోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక మావైపు చాలా ప్రహరీలు ఇలాగే పూశాయి. ఒక టీచరమ్మ రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "ఇటుక కుళ్లిపోయిందంట, గోడ పడగొట్టాలంట, నిజమేనా?" ఎవరు చెప్పారంటే పక్కింటాయన. పడగొట్టక్కర్లేదమ్మా, పడుకోండి అన్నాను. ఇటుక పెచ్చులూడుతుంటే, గీరితే పొడి రాలుతుంటే అప్పుడు కంగారు పడాలి. ఉత్త తెలుపుకి టెన్షన్ అనవసరం.

కొత్తగా ఇటుక కొనేవాళ్లు ముందే చూసుకోవచ్చు. ఇటుకల పరీక్షలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 3495లో ఉన్న పరీక్షే ఇది. పళ్లెంలో అంగుళం నీళ్లు పోసి ఇటుకని నిలబెట్టండి. నీరంతా పీల్చి ఆరాక మళ్లీ పోసి ఆరనివ్వండి. పదోవంతు లోపు తెల్లబడితే పర్వాలేదు. సగం దాటితే ఆ లోడు దించుకోవద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నల్లగా, పచ్చగా పట్టేది పాచి. దానికి బ్లీచింగ్ పౌడరు నీళ్లు చాలు. కానీ బ్లీచింగుని యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు పుట్టి ప్రాణం మీదికొస్తుంది. తుప్పు మరకకి ఆక్జాలిక్ యాసిడ్, గ్లవ్స్ వేసుకుని. కొత్త గోడ మీద చిందిన సిమెంటుకైతే బాత్రూం యాసిడ్ వాడొచ్చు. ముందు గోడని బాగా తడిపి, పది పాళ్ల నీళ్లలో ఒక పాలు యాసిడ్ పోసి (యాసిడ్‌లో నీళ్లు కాదు), రుద్దిన వెంటనే కడిగేయాలి. పైన పెయింట్ వేసి కప్పేస్తామంటారా, తడి లోపలే చిక్కుకుని ఆ పెయింటే పొరలుగా లేస్తుంది.

ఇక తులసికోట పసుపు. సర్ఫ్ పెట్టి రుద్దితే ఎర్రగా అయిపోయిందని ఈమధ్య ఒకావిడ ఏడుపు ఒక్కటే తక్కువ. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బు చేసిందీ అదే పని. మంచినీళ్లతో కడిగి ఎండకి వదిలేయమన్నాను. వారానికి మళ్లీ ఫోన్. ఎరుపు పోయిందట, కింద దీపం నూనె మరక బయటపడిందట. సుద్దపొడి ముద్ద చేసి పట్టించమని, ఆరాక దులిపి మళ్లీ పట్టించమని చెప్పాను. రెండోసారి వేసి ఉంటుంది ఈపాటికి.