గుండె దడ వేరు, బీపీ వేరు

బీపీ పెరిగితే మనకి తెలిసిపోతుందని చాలామందికి గట్టి నమ్మకం. మెడ నరాలు లాగుతున్నాయి, తల బరువుగా ఉంది, చెవుల్లోంచి ఆవిరొస్తోంది, గుండె దడదడలాడుతోంది, ఇంకేముంది బీపీ లేచిందని ఒక మాత్ర ఎక్కువ వేసేసుకుంటారు, ఇవేమీ లేని రోజున బానే ఉన్నాం కదా అని రోజూ వేసుకోవాల్సిన మాత్ర మానేస్తారు. రెండూ ప్రమాదమే. బీపీ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అసలు ఏ లక్షణమూ ఉండదు, 160/100 పెట్టుకుని హాయిగా రైతుబజారుకెళ్ళి కూరలు తెచ్చుకుని వండుకు తినేవాళ్ళు మన వైజాగ్‌లో ప్రతి వీధిలోనూ ఉంటారు. అదే ఆందోళన, మనం రోజూ టెన్షన్ అని చెప్పుకునేది, అది మాత్రం తల నుంచి కాలి దాకా తెలుస్తుంది. అందుకని దడని చూసి బీపీ ఎంతుందో అంచనా వెయ్యకూడదు, దడ లేదని బీపీ లేదనీ అనుకోకూడదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

మరి రెండిటికీ సంబంధం లేదా అంటే ఉంది, గట్టిగానే ఉంది. భయం వేసినప్పుడు మెదడు నుంచి సంకేతం వెళ్ళి మూత్రపిండాల మీద కూర్చునుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదుల్తాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి, పై అంకె (160/100లో 160) కాసేపట్లోనే ఇరవై ముప్పై పాయింట్లు కూడా పెరగొచ్చు. భయం తగ్గాక అదీ దిగిపోతుంది. ఇలా ఎక్కి దిగేదాన్ని బీపీ జబ్బు అనరు. జబ్బు అంటే ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కూడా, వేరువేరు రోజుల్లో చూసినా, ఆసుపత్రిలో 140/90, ఇంట్లో అయితే 135/85 లేదా అంతకంటే పైన నిలబడిపోవడం. కానీ ఆందోళన నెలల తరబడి సాగితే ఏమవుతుందో చూడండి, నిద్ర పట్టదు, సిగరెట్లు పెరుగుతాయి, రాత్రి ఒక పెగ్గు అలవాటవుతుంది, నడక మానేస్తాం, మాత్రలు మర్చిపోతాం, ఇవన్నీ కలిసి బీపీని నిజంగానే పెంచుతాయి. అటు బీపీ ఉందని తెలిసినవాళ్ళకి పక్షవాతం వస్తుందేమోనని కొత్త భయం పట్టుకుంటుంది. అలా ఒకదాన్నొకటి మేపుకుంటూ పోతాయి.

ఈ బంధం గురించి మన దేశంలో ఎప్పుడో తెలుసు. సర్పగంధి వేరుని ఉన్మాదానికీ, నిద్ర పట్టకపోవడానికీ మన వైద్యులు ఎంతోకాలంగా వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు ఆ వేరు మతిస్థిమితం లేనివాళ్ళకీ, రక్తపోటు ఎక్కువున్నవాళ్ళకీ కూడా పనిచేస్తోందని ఒకే వ్యాసంలో రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ బీపీ మీద దాని ప్రభావం గురించి బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసేసరికి ప్రపంచం మొత్తం ఇటు తిరిగింది, 1952లో దాన్నుంచి రిసర్పిన్ అనే మందు వేరు చేశారు. ఒకే వేరు మనసునీ రక్తనాళాల్నీ ఎలా నెమ్మదింపజేసిందంటే, నరాల చివర్లలో నిలవుండే నోరడ్రినలిన్ లాంటి రసాయనాల్ని అది ఖాళీ చేసేస్తుంది, వాటితోనే మెదడూ పనిచేస్తుంది రక్తనాళాలూ బిగుసుకుంటాయి. తర్వాత అది కొందరిలో దిగులు తెస్తోందని రిపోర్టులు రావడం, మెరుగైన మందులు దొరకడంతో వాడకం బాగా పడిపోయింది. సహజమైనదే కదా అని ఇప్పుడు ఎవరో అమ్మే సర్పగంధి పొడి కొనుక్కుని సొంతంగా వేసుకోవద్దు, దయచేసి.

ఇంక ఇంట్లో బీపీ మిషన్ సంగతి. మా పెదనాన్నది గాజువాక, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఓ రాత్రి వెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసుకుని, పొడుగు చేతుల చొక్కా మీదే పట్టీ చుట్టుకుని, చెయ్యి గాల్లో పెట్టుకుని బటన్ నొక్కుతున్నారు. 148 వచ్చింది, ఛ అని మళ్ళీ నొక్కారు 156, మళ్ళీ నొక్కారు 165. "ఏటమ్మా ఇది, నొక్కినకొద్దీ పెరుగుద్దేటి?" అంటున్నారు, పక్కనుంచి పెద్దమ్మ "సాయంత్రం నుంచీ ఇదే పని, అన్నం కూడా తినలేదు" అంటోంది. "పెదనాన్నా, మీరు ముందు బాత్రూంకి వెళ్ళొచ్చి, ఈ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి, కాసేపు ఎవరూ మాట్లాడకండి" అన్నాను. అరికాళ్ళు నేలకి ఆనించి, చొక్కా చెయ్యి తీసేసి, మోచెయ్యి టేబుల్ మీద పెట్టి పట్టీ గుండె ఎత్తుకి వచ్చేలా చూసి, ఐదు నిమిషాలు టీవీ కూడా కట్టేసి అప్పుడు చూస్తే 138/84. మిషన్ అదే, మనిషీ అదే.

ఆ రాత్రి జరిగినదాంట్లో తప్పు మిషన్‌ది కాదు. చెయ్యి వేలాడితే అంకె పెరుగుతుంది, మాట్లాడుతుంటే పెరుగుతుంది, మూత్రం ఆపుకుంటే పెరుగుతుంది, లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే పెరుగుతుంది, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి అంకె చూసి పుట్టిన భయం రెండో అంకెని పెంచుతుంది, రెండోది మూడోదాన్ని. తెల్లకోటు చూస్తే బీపీ పెరిగే మనుషులుంటారని డాక్టర్లు చెప్తారు కదా, కొంతమందికి ఇంట్లో మిషనే ఆ తెల్లకోటు అయి కూర్చుంటుంది. కాబట్టి పద్ధతి ఏంటంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక వారం రోజులు, పొద్దున్న మాత్ర వేసుకోకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, కాఫీ తాగి గానీ నడిచొచ్చి గానీ అరగంట దాటాక, నిమిషం గ్యాప్ ఇచ్చి రెండు రీడింగులు తీసి రాసుకోవాలి. మిగతా రోజుల్లో డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప మిషన్ బీరువాలో పెట్టేయండి. ఆందోళన మనుషులకి ఇది మాత్రతో సమానం అని నా అభిప్రాయం.

180/120 దాటి కనిపించిందనుకోండి, ముందు ఒంట్లో ఎలా ఉందో చూసుకోవాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, ఒక పక్క చెయ్యో కాలో పట్టుతప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి, ఇంక ఆలోచించక్కర్లేదు. ఇవేమీ లేకపోతే కూర్చుని కాస్త ఆగి మళ్ళీ చూసి, అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. అంతేగానీ ఎవరో చెప్పారని నాలుక కింద మాత్ర పెట్టుకుని ఒక్కసారిగా దింపెయ్యకూడదు, అలా హఠాత్తుగా పడిపోతే మెదడుకీ గుండెకీ రక్తం చాలక అసలు ప్రమాదం అప్పుడు వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే ఇంకో విషయం ఉంది. పానిక్, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, వచ్చినప్పుడు తెలియకుండానే ఊపిరి గబగబా తీసేస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి రెండు చేతుల వేళ్ళూ, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, కళ్ళు తిరుగుతాయి, అది చూసి పక్షవాతం వచ్చేస్తోందని ఇంకా భయపడి ఇంకా గబగబా పీలుస్తాం. పానిక్ సాధారణంగా పది నిమిషాల్లోపే పూర్తిగా ఎక్కి తర్వాత దిగడం మొదలవుతుంది. పక్షవాతం ఎక్కువగా ఒక పక్కనే పడుతుంది. అయినా మొదటిసారి ఇలా వచ్చినవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, ఇది టెన్షనే అని తామే తీర్పు చెప్పేసుకోకుండా ఈసీజీ తీయించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా రక్తం తక్కువైనా దడ ఇలాగే ఉంటుంది, కాబట్టి ఆ రెండు పరీక్షలూ ఒకసారి చేయించుకుంటే మంచిది.

ఊపిరి నెమ్మదిగా తీస్తే పనిచేస్తుందని అందరూ చెప్తారు, ఎందుకో తెలిస్తే చెయ్యబుద్ధేస్తుంది. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళం చీలే చోట, గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం వంపులో, రక్తం ఒత్తిడిని కొలిచే సెన్సర్లు మన ఒంట్లోనే ఉన్నాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడుకి చెప్తాయి, మెదడు వేగస్ నరం ద్వారా గుండెని నెమ్మదించమంటుంది. ఈ సర్దుబాటుకి దాదాపు పది సెకన్ల లయ ఉంది. మనం ఊపిరి కూడా పది సెకన్లకొకటి, అంటే నిమిషానికి ఆరు చొప్పున తీస్తే రెండు లయలూ కలిసి ఆ సర్దుబాటు బలపడుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడమే, ముక్కు మూసుకోవడాలూ ఊపిరి బిగబట్టడాలూ ఏమీ అక్కర్లేదు, రోజుకి పది నిమిషాలు చాలు. దీనివల్ల బీపీ తగ్గేది కొద్దిగానే, మాత్ర మానేసేంత కాదు, కానీ దడ వచ్చిన క్షణంలో చేతిలో ఒక పని ఉంటుంది.

నడక విషయానికొస్తే వైజాగ్ వాళ్ళంత అదృష్టవంతులు లేరు. తెల్లారకుండానే ఆర్కే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు, సముద్రం గాలిలో రోడ్డంతా మనదే, లేదంటే శివాజీ పార్కు ఉంది, యూనివర్సిటీ రోడ్లు ఉన్నాయి. వారానికి 150 నిమిషాలు వడిగా నడవాలంటారు, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం. నడిచొచ్చాక రక్తనాళాలు వదులై కొన్ని గంటలపాటు బీపీ తక్కువే ఉంటుంది, అందుకే వారానికొకసారి విరగబడి నడిచేకన్నా రోజూ కొంచెం మేలు. ఆందోళన ఉన్నవాళ్ళకి దీంట్లో ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. వాళ్ళు గుండె వేగంగా కొట్టుకుంటేనే భయపడతారు, కాబట్టి మెట్లెక్కడం మానేస్తారు, మానేసినకొద్దీ చిన్న దడకి కూడా హడలిపోతారు. సింహాచలం మెట్లో కైలాసగిరి మెట్లో మెల్లగా, ఆగుతూ ఆగుతూ ఎక్కితే గుండె బాగా కొట్టుకుంటుంది, పైకెళ్ళి కూర్చుంటే అదే నెమ్మదిస్తుంది, ఏమీ అవ్వదు. ఇలా పదేపదే జరిగితే దడ అంటే ప్రమాదం కాదని మెదడు నేర్చుకుంటుంది, మాటలతో ఎంత చెప్పినా నేర్చుకోనిది. బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్ళు ముందు డాక్టర్‌ని అడిగాకే.

బయటికి వెళ్ళలేని ఆడవాళ్ళకి గోడకుర్చీ ఉంది, చిన్నప్పుడు బళ్ళో పనిష్మెంటుగా వేయించేవారే, అదే. 2023లో చాలా పరిశోధనల్ని కలిపి చూస్తే ఇలా కదలకుండా కండరం బిగించి ఉంచే వ్యాయామాలు పై అంకెని సగటున ఎనిమిది పాయింట్ల దాకా తగ్గించాయి. రెండు నిమిషాలు వేసి మధ్యలో ఆగుతూ నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. మోకాళ్ళ నొప్పులుంటే వద్దు.

ఉప్పు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన వంటింట్లో ఉన్న సమస్య ఇదే. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎవరు తూచుకుంటారు అంటారేమో, తూచక్కర్లేదు. ఉప్పు ప్యాకెట్ కొత్తది కత్తిరించిన రోజు తేదీ దాని మీదే పెన్నుతో రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ నెలకే అయిపోతే ఒక్కొక్కరికీ రోజుకి ఎనిమిది గ్రాములు పైనే పడుతోందన్నమాట. 5 గ్రాముల లెక్కకి అదే ప్యాకెట్ 50 రోజులు రావాలి. పైగా ఇందులో కొన్న పచ్చళ్ళు, అప్పడాలు, బిస్కెట్లు, సాయంత్రం బీచ్‌లో తినే మురీ మిక్సర్, హోటల్ టిఫిను ఏవీ లేవు, అవి అదనం. ఆవకాయ ఒకప్పుడు ముద్దకి తోడు, ఇప్పుడు కూర సరిగ్గా కుదరకపోతే అదే కూర. ఎండు నెత్తళ్ళు కూడా అంతే, ఉప్పులో ఊరి ఎండినవి, హార్బర్ పక్కనే ఉండి పచ్చిచేప దొరికే ఊళ్ళో వాటిని రోజూ తినాల్సిన పని లేదు.

తగ్గించేది ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో ఎవరూ తినరు. ముందు మజ్జిగలో ఉప్పు మానండి, చోడి అంబలిలో ఉప్పు బదులు ఉల్లిపాయ నంజుకోండి, తర్వాత కూరలో చిటికెడు చొప్పున తగ్గించుకుంటూ వెళ్తే కొన్ని వారాల్లో నాలుక తనే సర్దుకుంటుంది, నిమ్మరసం గానీ చింతపండు గానీ కాస్త పడితే ఉప్పు తగ్గిన సంగతే తెలీదు. ఉక్కపోతకి ఇంత చెమట పోతోంది కదా ఉప్పు అక్కర్లేదా అని మన ఊళ్ళో అందరూ అడుగుతారు, మామూలుగా ఇంట్లో ఆఫీసులో ఉండేవాళ్ళకి తిండిలో ఉన్నదే ఎక్కువ. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు తమ డాక్టర్‌ని అడగాలి. అమెరికాలో 2001లో వచ్చిన ఒక పరిశోధనలో కూరగాయలు, పళ్ళు, వెన్న తీసిన పాలు ఎక్కువున్న తిండికి ఉప్పు తగ్గించడం కూడా తోడైతే బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె 11 పాయింట్లు పైనే తగ్గింది, అది దాదాపు ఒక మాత్ర చేసే పని. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు కూడా మంచిదే, చైనాలో 600 గ్రామాల్లో పరీక్షించి చూస్తే పక్షవాతాలు తగ్గాయని 2021లో తేలింది, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకూడదు.

మద్యం, సిగరెట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, మానాలి. కానీ మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి బీపీని పెంచుతాయని చాలామందికి తెలీదు. నిద్ర కూడా ముఖ్యమే. పడుకున్నప్పుడు బీపీ పది నుంచి ఇరవై శాతం తగ్గాలి, రక్తనాళాలకి అదే విశ్రాంతి. పోర్టులోనూ ఫార్మా కంపెనీల్లోనూ నైట్ షిఫ్టులు చేసేవాళ్ళకి ఆ విశ్రాంతి దెబ్బతింటుంది, పగలు పడుకునేటప్పుడు గది చీకటి చేసుకుని ఫోన్ వేరే గదిలో పెట్టించడం ఇంట్లోవాళ్ళు కూడా పట్టించుకోవాల్సిన విషయం. గట్టిగా గురక పెట్టి మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోయేవాళ్ళకి ఎన్ని మాత్రలేసినా ఒక్కోసారి బీపీ సరిగ్గా దిగదు, ముందు ఆ గురక సంగతి చూపించుకోవాలి.

ఇవన్నీ చేసినా ఆందోళన తగ్గకపోతే, పనులు ఆగిపోతుంటే, అది మనిషి బలహీనత కాదు, వైద్యం ఉన్న జబ్బు. నిద్రమాత్ర అని ఆల్ప్రాజోలమ్ సొంతంగా కొనుక్కుని వేసుకుంటే అలవాటైపోయి వదలదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడి ఏళ్ళకేళ్ళు బాధపడేవాళ్ళని తలుచుకుంటే బాధేస్తుంది. వెళ్ళలేకపోతే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

బీపీ మాత్ర మాత్రం అంకె నార్మల్‌కి వచ్చింది కదా అని మీరే ఆపకండి, అది వచ్చిందే మాత్ర వల్ల. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, నడక కుదిరాక డోసు తగ్గించే వీలుంటుంది, అది మీరు రాసుకున్న రీడింగులు చూసి డాక్టర్ చెప్పాలి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీకెళ్ళినా ప్రైవేటుకెళ్ళినా ఆ పుస్తకం, వేసుకునే మాత్రల అట్టలు అన్నీ, నొప్పుల మాత్రలతో సహా సంచీలో వేసుకుని వెళ్ళండి.