ప్లగిన్ల బహిరంగ మార్కెట్‌ప్లేస్: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో ఉండి ప్లగిన్ల, అంటే ఒక సాఫ్ట్‌వేర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాముల, మార్కెట్‌ప్లేస్ (వాటిని ప్రచురించి, దింపుకొనే ఆన్‌లైన్ వేదిక) నిర్మాణంలో పనిచేస్తున్నానని తెలిసి, రాజాం, టెక్కలి వైపు ఇంజనీరింగ్ విద్యార్థులు నన్ను తరచు సలహా అడుగుతుంటారు. తామూ అలాంటిది ఒకటి కట్టాలన్న వారి ఉత్సాహం మెచ్చదగినదే; కానీ దాని వెనుక ఉన్న కొన్ని నమ్మకాలు పని మొదలుకాకముందే దారి తప్పిస్తాయి.

అపోహ: ఎడిటర్ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) ఓపెన్ సోర్స్ (మూల కోడ్ అందరికీ తెరిచి ఉన్నది) అయితే, దాని మార్కెట్‌ప్లేస్ కూడా అందరిదీ.

వాస్తవం: ఈ రెండింటికీ సంబంధం లేదు. విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్ మూల కోడ్‌ను మైక్రోసాఫ్ట్ ఎవరైనా వాడుకొని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద విడుదల చేసింది; అయితే అదే సంస్థ నడిపే మార్కెట్‌ప్లేస్‌ను తన విజువల్ స్టూడియో కుటుంబపు ఉత్పత్తుల నుంచి మాత్రమే వాడుకోవాలని నిబంధన పెట్టింది. అందువల్లనే ఆ మూల కోడ్‌తో తయారైన వీఎస్‌కోడియం వంటి ఎడిటర్లు ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే సంస్థ నిర్వహించే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే బహిరంగ మార్కెట్‌ప్లేస్ నుంచి ప్లగిన్లు తెచ్చుకుంటాయి. ఓపెన్ వీఎస్ఎక్స్ సర్వర్ కోడ్ సైతం బహిరంగంగానే ఉంది కనుక, కావాలనుకున్న కళాశాల తన ల్యాబులో సొంత ప్రతిని నడుపుకోవచ్చు. అరవై కంప్యూటర్లు ఒకే గంటలో ఒకే ప్లగిన్‌ను బయటి నెట్ నుంచి దింపుకోవడం మొదలుపెడితే ఏమవుతుందో ఏ ల్యాబ్ అసిస్టెంటునడిగినా చెబుతారు.

అపోహ: అప్‌లోడ్, డౌన్‌లోడ్ పనిచేస్తే మార్కెట్‌ప్లేస్ సిద్ధమైనట్లే.

వాస్తవం: ఆ రెండూ ఒక సెమిస్టర్ ప్రాజెక్టులో ముగిసే పనులు. ఒక పేరు ఎవరికి చెందుతుంది, ప్రచురించినదాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఎవరికి ఎంతవరకు ఉంటుంది అన్నవే అసలు కష్టమైన ప్రశ్నలు. 2016 మార్చిలో ఒక పేరు విషయంలో తలెత్తిన వివాదంతో విసిగిన రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్ కట్టల) నిల్వకేంద్రమైన ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలన్నిటినీ తొలగించినప్పుడు, వాటిలో 11 వరుసలు మాత్రమే ఉన్న లెఫ్ట్‌-ప్యాడ్ కూడా పోయి, దానిపై ఆధారపడిన లెక్కలేనన్ని ప్రాజెక్టుల బిల్డులు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా తయారుచేసే ప్రక్రియలు) ఆగిపోయాయి. చివరకు ఎన్‌పీఎం దానిని తానే తిరిగి పెట్టవలసి వచ్చింది. ప్రస్తుతం అక్కడ ప్రచురించి 72 గంటలు దాటిన ప్యాకేజీని, మరొకటి దానిపై ఆధారపడి ఉంటే, రచయిత సొంతంగా తొలగించలేడు. పేర్ల విషయంలో ఓపెన్ వీఎస్ఎక్స్ మరో జాగ్రత్త పాటిస్తుంది: ఒక నేమ్‌స్పేస్‌ను (ప్రచురణకర్త ప్లగిన్లన్నిటికీ ముందు వచ్చే పేరును) సృష్టించినంత మాత్రాన దానికి ధ్రువీకృత యజమాని అయిపోరు, ఆ హక్కును విడిగా కోరి పొందాలి. ఇలాంటి నియమాలను కోడ్ రాయకముందే కాగితం మీద పెట్టుకోవాలని నా అభిప్రాయం, ఎందుకంటే వేల ప్లగిన్లు చేరిన తర్వాత నియమం మారిస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరగక తప్పదు.

అపోహ: తనిఖీ చేసి, డిజిటల్ సంతకం చేసిన ప్లగిన్ సురక్షితమే.

వాస్తవం: ఫైలు ఎవరి నుంచి వచ్చిందో, మధ్యలో మారిందో లేదో సంతకం చెబుతుంది, పంపినవారి ఉద్దేశాన్ని అది చెప్పలేదు. ప్రవేశ సమయంలో జరిగే తనిఖీకీ పరిమితి ఉంది. వెబ్‌సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ప్లగిన్ల డైరెక్టరీలో కొత్త ప్లగిన్‌ను పరిశీలించిన తర్వాతే చేర్చుకుంటారు, అది మంచి పద్ధతే; కానీ ప్రమాదం తరచు ఆ తర్వాతి వెర్షన్లలో వస్తుంది. 2018లో ఈవెంట్‌-స్ట్రీమ్ అనే ప్యాకేజీని, ఇక చూసుకునే ఓపిక లేని మూల రచయిత, సాయం చేస్తానని ముందుకొచ్చిన ఒక అపరిచితుడికి అప్పగించగా, ఆ వ్యక్తి దాని ద్వారా బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్‌ను చొప్పించాడు. కనుక యాజమాన్యం చేతులు మారినప్పుడు వాడుకరులకు తెలియజేయడం, తదుపరి వెర్షన్‌ను మళ్లీ పరిశీలించడం తప్పనిసరి. సంతకాల వ్యవస్థకూ నిర్వహణ కావాలి: 2019 మేలో సంతకాలకు వాడే ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో, ఏ దోషమూ లేని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ యాడ్‌-ఆన్లు (దాని ప్లగిన్లు) ప్రపంచమంతటా ఒక్కసారిగా నిలిచిపోయాయి.

అపోహ: ఎక్కువ డౌన్‌లోడ్లు ఉన్నదే మంచి ప్లగిన్.

వాస్తవం: బిల్డ్ సర్వర్లు అడుగడుక్కీ అదే ఫైలును మళ్లీ మళ్లీ దింపుకొంటాయి. ఆ అంకెలో మనుషులెందరో, యంత్రాలెన్నో తెలియదు.

అపోహ: సెర్చ్ పెట్టె ఉంటే, కావలసిన ప్లగిన్ దానంతట అదే దొరుకుతుంది.

వాస్తవం: తెలుగులో వివరణ రాసిన ప్లగిన్ల విషయంలో ఇది అస్సలు నిజం కాదు. "సాఫ్ట్‌వేర్" అని టైపు చేసినప్పుడు కొందరి కీబోర్డు "ట్" తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్‌-జాయినర్ అనే అక్షరాన్ని ఉంచుతుంది. అది లేనివారికి "సాఫ్ట్వేర్" అని వత్తు పడుతుంది. చదివేవారికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మాటలు. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, రెండు కోడ్ల జంటగానూ నిల్వ చేసే వీలుంది. ఈ తేడాను యూనికోడ్‌లో (అక్షరాలకు కోడ్లు కేటాయించే ప్రమాణంలో) ఒకే అక్షరపు వేర్వేరు నిల్వలను ఒకే రూపానికి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ పద్ధతి సరిచేస్తుంది గానీ, ఆ కనిపించని అక్షరాన్ని అది ముట్టుకోదు. అందుచేత సెర్చ్ కోసం తయారుచేసే సూచికలోనూ, వెతికే మాటలోనూ దానిని మనమే తీసివేయాలి. తెర మీద చూపే పాఠంలో మాత్రం యథాతథంగా ఉంచాలి, లేకపోతే రచయిత కోరుకోని వత్తులు పడతాయి. "విద్యార్థి", "విద్యార్ధి" అన్న జంటది ఇంకొక చిక్కు: రెండోది తప్పే అయినా మన జిల్లాలో సగం బోర్డుల మీద అదే కనిపిస్తుంది కనుక, రెండింటికీ ఫలితాలు చూపి, సరిగ్గా సరిపోయినదాన్ని పైన పెడుతున్నాము.