అపోహలు - వాస్తవాలు: "గుంటూరు కోర్టు అని రాయించాం కదండీ!"

మిర్చి ఎగుమతుల పేపర్లు చూసే పనిలో ఉన్న నాకు ఈ మాట వినని సీజన్ లేదు. చైనా బయ్యర్ డబ్బు ఆపేశాడంటూ వస్తారు. అగ్రిమెంట్ చివరి పేజీ తీసి ఒక లైను మీద వేలు పెడతారు: 'తగాదాలన్నీ గుంటూరు కోర్టు పరిధిలోనే.' ఆ లైను చూసుకునే ధైర్యంగా కంటైనర్ పంపేసి ఉంటారు.

అపోహ: కోర్టు మన ఊళ్లోదే, కాబట్టి మన డబ్బు ఎక్కడికీ పోదు.

వాస్తవం: కేసు గెలుస్తారు, డిక్రీ కూడా వస్తుంది. దాంతో ఏం జప్తు చేయిస్తారు? ఆ బయ్యర్‌కి గుంటూరులో ఒక్క కుర్చీ కూడా ఉండదు. గోదాము, బ్యాంకు ఖాతా అన్నీ చైనాలో చింగ్‌తావ్ వైపు ఉంటాయి. ఒకరి కోర్టు డిక్రీలను మరొకరు అమలు చేసుకునే ఒప్పందం మనకూ చైనాకూ మధ్య లేదు. ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు, సంగతి వేరు. ఒక దేశపు అవార్డును మరో దేశంలో అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ కన్వెన్షన్‌లో రెండు దేశాలూ ఉన్నాయి. చైనా అవార్డులు ఇక్కడ చెల్లేలా మన కేంద్ర ప్రభుత్వం 2012లో నోటిఫై చేసింది కూడా. అందుకే ఆర్బిట్రేషన్ సింగపూర్‌లోనో హాంకాంగ్‌లోనో అని, ఫలానా సంస్థ రూల్స్ ప్రకారమని పేరుతో సహా రాయించుకోండి. ఊరికే 'ఆర్బిట్రేషన్ ద్వారా పరిష్కరించుకుంటాం' అని వదిలేస్తే, ఎక్కడ, ఎవరి దగ్గర అన్నదే ముందు తగాదా అవుతుంది. బయ్యర్ కంపెనీ రిజిస్టర్డ్ పేరు చైనా లిపిలో ఉందా, కంపెనీ ఎర్ర ముద్ర పడిందా అన్నదీ చూసుకోండి. అక్కడ ముద్రకున్న విలువ ఒట్టి సంతకానికి లేదు. ఈమెయిల్ కింద కనిపించే ఇంగ్లిష్ పేరుతో ఎవరి మీద కేసు వేస్తారు?

అపోహ: చైనా వాళ్లతో అంతా పరిచయాల మీదే నడుస్తుంది, కాగితాలు దండగ.

ఇది సగం నిజం, అందుకే మరీ ప్రమాదం. పల్నాడు కుర్రాడొకడు లాయర్ నోటీసు డ్రాఫ్ట్ పట్టుకుని వచ్చాడు. తేజ రకం మిర్చి పంపాడు. సరుకు అక్కడికి చేరేసరికి మార్కెట్ దిగింది. బయ్యర్‌కి ఉన్నట్టుండి రంగు పోయిన తాలు కాయలు ఎక్కువ కనిపించాయి, రేటు తగ్గిస్తే గానీ కంటైనర్ విడిపించనన్నాడు. పోర్టులో రోజు గడిస్తే చార్జీ. కుర్రాడికి నిద్ర లేదు, ఇంట్లో చెప్పలేదు. నోటీసు పక్కన పెట్టించి, "ఈ బయ్యర్‌ని నీకు పరిచయం చేసిందెవరు బాబూ?" అని అడిగాను. గుంటూరు మిర్చి యార్డులో ఒక పాత కమీషన్ వ్యాపారి అని చెప్పాడు. ఆ వ్యాపారినే కదిపాం. ఆయన ఫోన్ చేసింది చైనాకి కాదు, ఆ బయ్యర్ తరఫున ఇక్కడ సరుకు చూసి పాస్ చేసే ఏజెంటుకి. ఫలానావాడు డబ్బు కోస్తున్నాడని యార్డులో పొక్కితే, వచ్చే సీజన్లో పూర్తి అడ్వాన్స్ లేకుండా ఎవరూ ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా కదిలించరని ఆ ఏజెంటుకి తెలుసు. వారం తిరక్కుండా కొద్దిపాటి తగ్గింపుతో బేరం తెగింది.

ఇది విని ఇకనుంచి కాగితమే అక్కర్లేదని సంబరపడకండి. ఆ బయ్యర్ మళ్లీ గుంటూరు రావాల్సినవాడు కాబట్టి దిగొచ్చాడు. ఒక్క లోడు కొని మాయమయ్యేవాడికి యార్డులో పేరు పోతేనేం, ఉంటేనేం?

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎల్‌సీ, అంటే పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తామని బయ్యర్ బ్యాంకు రాసిచ్చే హామీ, ఉంటే డబ్బు వచ్చేసినట్టే అంటారు. బ్యాంకు చూసేది కాగితాలను, కాయలను కాదు. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే యూసీపీ 600 రూల్స్ ప్రకారం పత్రాలు చూడటానికి వాళ్లకు గరిష్ఠంగా 5 బ్యాంకింగ్ రోజులు ఉంటాయి. ఇన్‌వాయిస్‌లో ఒకటి, బీఎల్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో) ఇంకొకటి ఉంటే ఆపేస్తారు.

బయ్యర్ డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ పాలసీ అన్నిటికీ పనికొస్తుందన్నదీ తప్పే. బయ్యర్ క్వాలిటీ బాగాలేదని గొడవ పెడితే, అతని దేశపు కోర్టులో మీరు గెలిస్తే తప్ప మామూలుగా క్లెయిమ్ రాదు. గుంటూరు కోర్టు లైను ఇక్కడా అక్కరకు రాదు.

ఇక 'సగం బ్యాంకులో వేస్తాం, సగం మా మనిషి చేతికిస్తాడు' అనే బేరం. అందరూ చేస్తున్నారు కదా అని నాతో వాదించొద్దు. విదేశీ మారక చట్టం ఫెమా సంగతి అటుంచండి, కస్టమ్స్‌కి ఇచ్చిన షిప్పింగ్ బిల్లు మీద ఆ సగం, ఎగుమతి డబ్బు వచ్చిందా లేదా అని బ్యాంకు చూసే ఈడీపీఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో బాకీగానే కనిపిస్తుంటుంది. ఇంకా డబ్బెందుకు రాలేదని బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది, ఆ మనిషిని కాదు.