ఫోన్ మోగింది, కారు ఆగలేదు

ఫైనల్ ఇయర్‌లో మేం చేసిన బొమ్మ కారు బల్ల మీంచి దూకి చక్రం విరగ్గొట్టుకుంది. ఫోన్‌తో నడిపే కారు అది. మావాడు 'ముందుకు' బటన్ మీద వేలు పెట్టి ఉండగా వాళ్లమ్మ కాల్ చేసింది. యాప్ వెనక్కి పోయింది. వాడు వేలు తీసిన సంగతి కారుకు చేరనే లేదు.

అందులో పెద్ద సరంజామా ఏమీ ఉండదు. చిన్న కంప్యూటర్ లాంటి ఆర్డుయినో బోర్డు, హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్, ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, మోటార్లు, బ్యాటరీ. ఫోన్ పంపేది ఒకే ఒక్క అక్షరం. మేం పెట్టుకున్న లెక్కలో 'ఎఫ్' అంటే ముందుకు, 'ఎస్' అంటే ఆగు. బోర్డు ఇచ్చే చిన్న సిగ్నల్‌ని బట్టి డ్రైవర్ బ్యాటరీ కరెంటును మోటార్లకు వదులుతుంది. (ఐఫోన్ వాళ్లు హెచ్‌సీ-05 కొనకండి. అది వాడే పాత రకం బ్లూటూత్‌తో ఐఫోన్ యాప్‌లు మాట్లాడలేవు. మాలో ఒకడికి ఇది తెలిసేసరికి తెల్లారింది.)

మా ప్రోగ్రాం చివరగా వచ్చిన అక్షరాన్నే పట్టుకుని కూర్చునేది. 'ఎస్' రాకపోతే గోడ వచ్చినా గొయ్యి వచ్చినా ముందుకే. తర్వాత నాలుగు లైన్లు మార్చాం. వేలు నొక్కి ఉన్నంతసేపూ ఫోన్ అక్షరం పంపుతూనే ఉండాలి. అర సెకను ఏమీ రాలేదా, కారు తనంతట తానే ఆగిపోవాలి.

ఫ్యాక్టరీల్లోనూ ఇదే సూత్రం. అక్కడ రోబో చేతికి కదలికలు నేర్పే రిమోట్‌ను టీచ్ పెండెంట్ అంటారు. దాని మీద మూడు స్థితుల స్విచ్ ఒకటి ఉంటుంది. సగం వరకు నొక్కి పట్టుకుంటేనే రోబో కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. ఉలిక్కిపడ్డ మనిషి చేతిలోది వదిలేస్తాడు, లేదంటే బిగబట్టేస్తాడు కదా! ఫోన్ నున్నటి అద్దానికి ఈ పట్టు తెలియదు. మెషీన్ వేడెక్కిందా, ఎన్ని పీసులు అయ్యాయి లాంటివి ఫోన్‌లో చూసుకోవచ్చు. మనిషి పక్కన నిలబడి ఉండగా రోబో చేతిని మాత్రం ఫోన్‌తో కదపడానికి నేను ఒప్పుకోను.

ఇక ఎక్కడో దూరాన ఉన్న రోబోను నడిపే సంగతి. ఇంటర్నెట్ ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలోని అట్లాంటాకు దాదాపు 14 వేలు. తిన్నగా కేబుల్ వేసినా, మన నొక్కుడు అక్కడికి వెళ్లి దాని ఫలితం కంటికి కనిపించేసరికి 0.14 సెకను అవుతుంది. నిజానికి ఇంకా ఎక్కువే. 1970లో చంద్రుడి మీద లూనోఖోద్-1 బండిని భూమి నుంచి నడిపిన సోవియట్ బృందానికి రానూపోనూ సుమారు రెండున్నర సెకన్లు పట్టేది.

అదే అట్లాంటాలో జార్జియా టెక్ యూనివర్సిటీ 2017 నుంచి నడుపుతున్న రోబోటేరియం అనే ల్యాబ్ ఈ చిక్కును చక్కగా తప్పించింది. అక్కడి చిన్న రోబోలను ఎక్కడివాళ్లయినా వాడుకోవచ్చు, కానీ స్టీరింగ్ ఇవ్వరు. మనం కోడ్ పంపాలి. దాన్ని ముందు సిమ్యులేషన్‌లో పరీక్షించి, తర్వాత నిజం రోబోల మీద నడుపుతారు. మన కోడ్ రెండు రోబోలను ఢీకొట్టించబోతే అక్కడి ప్రోగ్రామే వాటిని పక్కకు తప్పిస్తుంది. ఫలితం, వీడియో తర్వాత వస్తాయి. ఈలోగా అమ్మ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తి మాట్లాడుకోవచ్చు.