బోనులో పడ్డ ఎలుకను ఏం చేయాలి?

బోను కొనేముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. గోదావరి డెల్టాలో దీనికి అలవాటైన జవాబు మకాం పక్కనే పారుతూ ఉంటుంది. బోనుతో సహా తీసుకెళ్లి కాలవలో ముంచేస్తారు. చేతికి నెత్తురంటదు కాబట్టి అదే మెత్తని పద్ధతి అనిపిస్తుంది. నిజానికి ఉన్నవాటిలో హీనమైనది అదే. మన వరి గట్లలో ఎక్కువగా కనిపించే చిన్న పందికొక్కు జాతి ఎలుక ఈతలో దిట్ట. నీళ్లలో మునిగాక ఊపిరి బిగబట్టి, తీగల మీదికి ఎగబాకుతూ నిమిషాల తరబడి పెనుగులాడి చస్తుంది. అమెరికా పశువైద్య సంఘం మార్గదర్శకాలు ముంచి చంపడాన్ని ఆమోదించవు. పైగా ఎలుక మూత్రంతో, మనుషులకు జ్వరం తెప్పించే లెప్టోస్పైరా సూక్ష్మజీవులు నీటిలో చేరతాయి. అదే కాలవ నీరు ఊళ్లో మంచినీళ్ల చెరువుకు వెళ్తుంది, అదే నీళ్లలో కాళ్లు పెట్టి రేపు నాట్లు వేయాలి.

జాలి గలవాళ్లు సంచిలో వేసి ఊరవతల వదిలేస్తారు. డెల్టాలో ఊరవతల అంటే పక్క ఊరి చేనే. కొత్త చోట బొరియ ఉండదు, దారులు తెలియవు, అక్కడ ఉన్న ఎలుకలు రానివ్వవు. చాలావరకు కుక్కకో గద్దకో చిక్కుతుంది, లేదా ఆకలితో పోతుంది. దగ్గర్లోనే వదిలితే తిరిగి వస్తుంది. కోరింగ మడ అడవుల వైపు తీసుకెళ్లి వదలడం ఇంకా తప్పు. అక్కడి జీవాలకు లేని రోగాన్ని మనమే మోసుకెళ్లినట్టవుతుంది.

విషం పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదంటారు. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక లోలోపల రక్తం కారి చావడానికి కొన్ని రోజులు పడుతుంది. నీరసించి పగలే తిరిగే ఆ ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ ముప్పే. జిగురు అట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిని నిషేధించాలని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు సూచించింది కూడా.

కాబట్టి ఒప్పుకోక తప్పని మాట ఒకటుంది. పంట నష్టం చేసే ఎలుకను బోనులో పట్టారంటే చంపక తప్పదు. అయితే అది పడ్డప్పటి నుంచి చచ్చేదాకా పట్టే సమయం, పడే భయం రెండూ మన చేతిలోనే ఉంటాయి.

ముందు సమయం. రేకు, తీగల బోను ఎండలో ఉంటే ఉదయం తొమ్మిదికే పొయ్యిలా కాగుతుంది. సార్వా (ఖరీఫ్) వానల్లో తడిస్తే ఎలుక చలికి బిగుసుకుపోతుంది. పైన గోనె కప్పి, అడుగున గుప్పెడు ఎండుగడ్డి, ఒక దోసకాయ ముక్క వేస్తే నీడ, వెచ్చదనం, నీరు మూడూ సమకూరుతాయి. చీమల దారిలో పెట్టకండి. కదలలేని ఎలుకను చీమలు కళ్ల దగ్గర నుంచి మొదలుపెడతాయి. ఒకేసారి చాలా ఎలుకలు పడే బోన్లు కొందరికి ఇష్టం. రాత్రంతా వదిలేస్తే అందులో ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, తెల్లారేసరికి సగం తిన్న కళేబరం ఉన్నా ఆశ్చర్యం లేదు. పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడగలిగినన్ని బోన్లే పెట్టుకోవాలి. మీరు ఊళ్లో లేని రాత్రి తలుపు తెరిచి, మూసుకోకుండా కట్టేయండి.

కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. తలుపు మూసుకోకుండా తీగతో కట్టి, రెండు మూడు రాత్రులు ఎర మాత్రం తిననివ్వండి. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండుచేప, పకోడీ ఏదైనా పనికొస్తుంది. గాదె గోడ వారన, గడ్డిమేటు అడుగున, గట్టు మీద అవి నడిచే దారిలో పెట్టాలి. మధ్యలో పెట్టిన బోను ఖాళీగానే ఉంటుంది.

పొద్దున్నే చేయి పెట్టకముందు టార్చి వేసి చూడండి. పడ్డ ఎలుక వాసనకు నాగుపాము బోను చుట్టుకుని ఉండొచ్చు. లోపల ఉన్నది ముక్కు పొడుగ్గా, కళ్లు సూదిమొనంత ఉండి, ముక్కుపుటాలు అదిరే వాసన వస్తే అది చుంచు. ఎలుక జాతి కాదు, పురుగులు తినేది. కొన్ని గంటలు తిండి లేకపోతే చస్తుంది, వెంటనే అక్కడే వదిలేయండి. ముంగిస పిల్ల పడినా అంతే.

ఇక చంపడం. మందపాటి రబ్బరు తొడుగులు, బూట్లు వేసుకోవాలి. రెండు గోనె సంచులు ఒకదానిలో ఒకటి దూర్చి, వాటి మూతిని బోను తలుపుకు బిగించి పట్టుకోండి. తలుపు వైపు కప్పిన గోనె అలాగే ఉంచి, వెనక వైపు మాత్రం గోనె తొలగించి, అప్పుడు తలుపు తెరవండి. వెలుగు వెనక నుంచి పడితే ఎలుక చీకటిగా ఉన్న సంచిలోకి తనే వెళ్తుంది. కర్రతో పొడిస్తే బెదిరి తీగలకు పళ్లు విరగ్గొట్టుకుంటుంది. సంచి మూతి మెలిపెట్టి, ఎలుకను ఒక మూలకు జరిపి, పలకతో కదలకుండా ఆపి, తల ఎటుందో గుర్తుపట్టాక చెవుల వెనక బరువైన కర్రతో ఒకే బలమైన దెబ్బ, వెంటనే రెండోది. తడి మట్టి మీద కొడితే దెబ్బ మట్టిలోకి పోతుంది, ఎలుక స్పృహలోనే మిగులుతుంది. కింద సిమెంటు గచ్చో చెక్కో ఉండాలి. సంచిని గిరగిరా తిప్పి నేలకు కొట్టడం వద్దు, ఎక్కడ తగులుతుందో చెప్పలేం. దెబ్బ గట్టిగా వేయలేమనుకునేవాళ్లు ఆ పని వేరొకరికి అప్పగించాలి. సంకోచంతో వేసిన దెబ్బంత క్రూరమైనది లేదు. బోనులో ఇంకా ఎలుకలుంటే ఒక్కోదాన్నీ మిగతావాటికి కనపడకుండా విడిగా తీయాలి. ఐదు నిమిషాలాగి, ఊపిరి లేదని, గడ్డిపరకతో కంటిని తాకినా రెప్ప కదలడం లేదని చూసుకున్నాకే పూడ్చాలి.

వంటసోడాలో వెనిగర్ పోసి వాయువుతో చంపమనే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌తో చంపడం ప్రయోగశాలల్లో ఉంది. అక్కడ సిలిండరు నుంచి వాయువు ఎంత వేగంతో రావాలో మీటరు చూసి వదులుతారు. బకెట్లో పొంగే నురగకు ఆ అదుపు లేదు. చాలకపోతే ఎలుక చావకుండా ఉక్కిరిబిక్కిరవుతుంది. మోటార్‌సైకిల్ పొగ వేడికి కాలుస్తుంది, కళ్లు మండిస్తుంది.

చచ్చిన ఎలుక పొట్ట తిప్పి చూడండి. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు రాలి ఉంటే బొరియలో పిల్లలున్నాయని అర్థం. అవి తల్లి కోసం చూస్తూ ఆకలితో మాడకముందే, ఆ రోజే తవ్వాలి. సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ మట్టితో పూడిస్తే, తెల్లారి తెరుచుకున్నవే ఎలుకలున్నవి. కానీ తల్లి చచ్చిన బొరియ తెరుచుకోదు, బోను దగ్గర తాజా మట్టి కుప్ప ఉన్న కన్నాన్నే పారతో తవ్వండి, చెయ్యి మాత్రం దూర్చకండి. ఈ చిక్కు తగ్గాలంటే కాలం ఎంచుకోవాలి. వరి పొట్ట దశకొచ్చాక ఎలుకలు జోరుగా ఈనతాయి. దాళ్వా (రబీ) కోతలయ్యి కాలవలకు నీళ్లు కట్టేసిన వేసవిలో తిండి తక్కువ, పిల్లలూ తక్కువ. అవి గట్ల మీదే పోగుపడి ఉంటాయి. ఊరంతా కలిసి బోన్లు పెట్టాల్సింది అప్పుడు. ఒక్కరే పెడితే పక్క చేనులోవి వారంలో ఆ ఖాళీ నింపుతాయి. పొలం గట్లు అడుగు వెడల్పుకు మించకుండా సన్నంగా చెక్కితే బొరియకు చోటు చాలదు.

కళేబరాన్ని కాలవకు, బోరుకు దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున, కనీసం రెండడుగుల గోతిలో పూడ్చాలి. ఎలుక కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. తర్వాతి రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడడం కనిపిస్తే ఎలుకలు పట్టిన సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. గోనెలు కాల్చేయండి. బోనును బ్లీచింగ్ నీళ్లలో ముంచి, మంచినీళ్లతో వాసన పోయేలా కడిగి, ఎండబెట్టాకే మళ్లీ ఎర పెట్టాలి.