చింతపిక్కలతో చదువేంటి టీచర్? (అపోహలు - వాస్తవాలు)

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి పిక్కలు, గ్లాసుల్లాంటి వస్తువులు చేతికిచ్చి నేర్పడమే నా పని. జూన్‌లో బడి తెరవగానే తల్లిదండ్రుల దగ్గర ఈ మాటలు మొదలవుతాయి.

అపోహ: మావాడికి వంద దాకా వచ్చు, ఇంకా ఈ పిక్కలెందుకు?

వంద దాకా అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. చింతపిక్కల గిన్నె ముందుపెట్టి "ఐదు ఇవ్వు నాన్నా" అనండి, చాలామంది గుప్పెడు తీసి మీ చేతిలో పోస్తారు. ఇంకొందరికి వేలికన్నా నోరు ముందు పరిగెడుతుంది, వేలు నాలుగో పిక్క మీద ఉండగానే నోరు ఏడు దగ్గరికి వెళ్ళిపోతుంది. ఒక్కో పిక్కకి ఒక్కటే అంకె, ఆఖర్న చెప్పిన అంకే మొత్తం అని తెలిస్తేనే లెక్క వచ్చినట్టు. వామనగుంటల్లో గుంటకో పిక్క వేసుకుంటూ పోతే మొదటిది దానంతటదే అలవాటవుతుంది, ఒక గుంట దాటేస్తే ఎదుటి పిల్ల ఎలాగూ ఊరుకోదు.

అపోహ: ఎంత త్వరగా రాయిస్తే అంత మంచిది.

పుట్టినప్పుడు మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా మృదులాస్థిగానే, అంటే చెవి డొప్పలా మెత్తగానే ఉంటాయి. మొత్తం 8 ఉంటాయి, చివరిది ఎముకగా మారడం మొదలయ్యేసరికే 8 నుంచి 12 ఏళ్ళు వస్తాయి. అప్పటిదాకా రాయించొద్దని కాదు గానీ, మూడేళ్ళవాడు పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటే టెన్షన్ పడక్కర్లేదు, మూడు వేళ్ళ పట్టు కుదరడానికి ఇంకో ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఈలోగా చపాతీ పిండి పిసకనివ్వండి, బఠాణీలు ఒలవనివ్వండి, చొక్కా గుండీలు వాళ్ళనే పెట్టుకోనివ్వండి (బస్సు హారన్ కొడుతున్నప్పుడు కాదు, ఆదివారం).

అపోహ: ఇలా వస్తువులతో నేర్పాలంటే ఖరీదైన కిట్లు కొనాలి.

అక్కర్లేదు. మాంటిస్సోరి బడి అనగానే ఫీజు గుర్తొస్తుంది గానీ, వస్తువులతో నేర్పే ఆ పద్ధతి తెచ్చిన మరియా మాంటిస్సోరి 1907లో మొదటి బడి పెట్టింది రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో.

అపోహ: వస్తువులు చేతికిస్తే చాలు, వాళ్ళే నేర్చుకుంటారు.

ఇది మా టీచర్లలోనే ఎక్కువ. పొట్టి గ్లాసులో నీళ్ళు సన్నటి పొడుగు గ్లాసులోకి పోయించి ఎందులో ఎక్కువున్నాయంటే, ఐదేళ్ళ పిల్లలు చాలామంది పొడుగు గ్లాసే చూపిస్తారు. తప్పు అనేయకుండా "మళ్ళీ దీంట్లో పోస్తే ఎక్కడిదాకా వస్తాయి?" అని అడిగి, వాళ్ళు చెప్పాక పోయించండి. అయినా కొందరు ఒప్పుకోరు, అది తలకెక్కడానికి ఆరేడేళ్ళు రావాలి, ఫరవాలేదు. ముందు ఊహించమని, తర్వాత ఏమైందో చెప్పించకపోతే మాత్రం గచ్చు తడవడం తప్ప ఏమీ మిగలదు.

ఒక్క జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లల చేతికి పిక్కలు, పూసలు, శనగలు ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి, ముక్కులోనూ దూర్చుకుంటారు. వాళ్ళకి గిన్నెలు, మూతలు, గరిటెలు చాలు. నీళ్ళ ఆటైతే ఏ వయసువాళ్ళకైనా మీరు పక్కనే ఉండండి, అయ్యాక బకెట్ బోర్లించేయండి.